ఫీజు డబ్బు ఏ నెలలో పడుతుంది?

పిల్లల్ని కాలేజీలో చేర్చడం వరకూ మన ప్రభుత్వాలు బాగానే నేర్చుకున్నాయి. చేరినవాళ్లు పట్టా పుచ్చుకుని బయటికొచ్చే దాకా తోడు నిలవడం దగ్గరే తేడా వస్తోంది. పాలకొల్లు నుంచి ముఖచిత్ర కథనం.

ఏడు దశాబ్దాల కిందట పాలకొల్లులో ఓ కుర్రాడి చదువు ఫీజు దగ్గర ఆగిపోయింది. ఇంట్లో కట్టే స్తోమత లేదు. బడి మాన్పించి వడ్రంగి కొట్లో పనికి పెట్టారు. బాగా చదివే పిల్లవాడు తరగతిలో కనిపించకపోయేసరికి మాస్టారు ఆరా తీశారు. సంగతి తెలిశాక తోటి పిల్లల దగ్గర తలా కాస్త పోగు చేయించి ఫీజు కట్టించారు. కుర్రాడు మళ్లీ బడికొచ్చాడు. ఆ కుర్రాడే దర్శకుడు దాసరి నారాయణరావు. కేంద్రమంత్రిగా పనిచేశాక కూడా ఆయన ఈ సంగతి చెప్పుకునేవారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ మాస్టారి మంచితనాన్ని తలుచుకుంటారు. తలుచుకోవలసిందే. అయితే అందులో ఇంకో విషయం ఉంది. ఆ డబ్బు పెద్ద మొత్తమేమీ కాదు, కానీ వేళకు అందింది. పిల్లవాడి చేతులు రంపానికి అలవాటు పడకముందే అందింది. అదే సాయం ఏడాదిన్నర తర్వాత వచ్చుంటే అప్పటికి ఆ ఇల్లు అతని కూలి డబ్బుకు అలవాటు పడిపోయేది. చదువుకు చేసే సాయంలో మొత్తం ఎంత అన్నదానితో పాటు ఏ నెలలో అన్నది కూడా పిల్లల భవిష్యత్తును తేలుస్తుంది. ఈ కథనమంతా ఆ ఒక్క విషయం గురించే.

ఇవాళ బడి స్థాయిలో ఆ బెంగ చాలావరకు తీరింది. ప్రభుత్వ బడి ఉంది, మధ్యాహ్నం భోజనం ఉంది. ఇంటర్ దాకా తల్లి ఖాతాలో ఏటా డబ్బు వేసే పథకం ఉంది. నిన్న దాని పేరు అమ్మ ఒడి, ఇవాళ తల్లికి వందనం. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ డొక్కా సీతమ్మ పేరిట భోజనం పెడుతున్నారు. బెంగంతా ఇంటర్ గట్టెక్కాక మొదలవుతుంది.

చెరువు ఒకరిది, కాపలా ఒకరిది

బయటివాళ్లకు పాలకొల్లంటే క్షీరారామం గోపురం, కొబ్బరి దింపులు, దారి పొడవునా చెరువులు, సినిమావాళ్ల ఊరన్న పేరు. ఇక్కడ కలిగినవాళ్లు ఉన్న మాట నిజం. వాళ్ల పిల్లలు ఇంటర్ అవగానే విజయవాడకో, చెన్నైకో, ఆ తర్వాత అమెరికాకో వెళ్తారు. అయితే రొయ్యల చెరువు ఉన్నవాడు ఒకడైతే దాని గట్టు మీద రాత్రంతా కాపలా కాసేవాడు వేరొకడు. కొబ్బరి తోట ఉన్నవాడు ఒకడైతే చెట్టెక్కి దింపేవాడు, కాయ వలిచేవాడు వేరే. షెడ్లలో మంచు నీళ్లలో చేతులు పెట్టి రొయ్య తలలు తీసే ఆడవాళ్లున్నారు. ముందుగా మక్తా ఒప్పుకుని కౌలుకు చేసే రైతులున్నారు. పాలకొల్లు, యలమంచిలి, ఆచంట, నరసాపురం వైపు ఊళ్లలో పిల్లల్ని అమ్మమ్మకు అప్పజెప్పి కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఇళ్లలో పనికి వెళ్లిన తల్లులూ కొత్త కాదు.

ఇంటి పట్టున ఉన్న తల్లుల చేతిలో లేసు అల్లిక ఉంటుంది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించాల్సిన సంగతే. అల్లే చేతికి దక్కే కూలి మాత్రం చిన్నదే. యలమంచిలి మండలంలో ఒకావిడ అరుగు మీద కూర్చుని అల్లుతూ తన లెక్కల పుస్తకం చూపించింది. స్కూలు నోటుబుక్కులో మిగిలిపోయిన కాగితాలు కుట్టి చేసుకున్న పుస్తకమది. ఒక పక్క ఏజెంటుకు ఇచ్చిన లేసు ముక్కలు, ఇంకో పక్క కూతురి డిగ్రీ ఖర్చు. ఫీజు ఊసే అందులో లేదు. రికార్డు పుస్తకాలు, ఫోన్ రీఛార్జి, బస్సు, ప్రాజెక్టుకు ప్రింట్లు, చెప్పులు, సెమిస్టర్ పరీక్ష ఫీజు. చివరిదాని కింద రెండు గీతలు కొట్టి ఉంది. ఎందుకని అడిగితే, ‘అది గడువులోగా కట్టాలండి, మిగతావంటే ఎలాగో సద్దుకుంటాం’ అంది.

డిగ్రీకి చేసే సాయం అనగానే మన చర్చంతా ట్యూషన్ ఫీజు మీదే నడుస్తుంది. పాలకొల్లులోని ఏఎస్‌ఎన్‌ఎం లాంటి ప్రభుత్వ కాలేజీలో ఫీజు తక్కువే. అక్కడ చదివే పిల్లను కాలేజీ మాన్పించేది ఫీజు కాదు. ఇలాంటి చిల్లర ఖర్చులు ఒక్కసారిగా మీద పడటం, వాటితోపాటు ఆ పిల్ల ఇంటి దగ్గరుంటే వచ్చే కూలి. ఈ రెండో లెక్క ఏ దరఖాస్తులోనూ రాయరు.

వారాల నుంచి వెబ్‌సైట్ దాకా

చదువుకు చేయూత ఈ గడ్డకు కొత్త కాదు. తాతల కాలంలో పేద పిల్లలు వారాలు చేసుకుని చదివేవారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో అన్నం తిని, ఏదో సత్రవులో పడుకుని గట్టెక్కేవారు. అయితే ఆ గడపలు ఏ కులం పిల్లవాడికి తెరుచుకునేవో, ఎవరికి మూసుకునేవో మనకు తెలుసు. ఆడపిల్ల ఊసే లేదు. కాకినాడలో పిఠాపురం మహారాజా ఆదరణలో, రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలంలో పీఆర్ కాలేజీ దళిత విద్యార్థులకు, ఆడపిల్లలకు తలుపులు తీయడం అందుకే అంత పెద్ద విషయమైంది. మన వైపు 1945లో భీమవరంలో డీఎన్‌ఆర్, 1949లో నరసాపురంలో వైఎన్ కాలేజీ వచ్చాయి. అంతకుముందు ఈ పల్లెల నుంచి పై చదువంటే రాజమండ్రో, కాకినాడో, బందరో వెళ్లాల్సిందే.

దాతల దయతో పని లేకుండా, హక్కుగా అందే సాయం 1944లో మొదలైంది. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు అప్పుడే వచ్చాయి. అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్న రోజులవి. 80 ఏళ్లు దాటిన ఆ పథకమే ఇప్పటికీ దేశంలో దళిత విద్యార్థుల పై చదువుకు ప్రధాన ఆధారం. 2020 డిసెంబరులో కేంద్రం దానికి అయిదేళ్లకు రూ. 59,048 కోట్ల అంచనా వేసి, అందులో 60 శాతం తాను భరిస్తానంది. పదో తరగతి తర్వాత చదువు కొనసాగించలేకపోతున్న నిరుపేద పిల్లలు 1.36 కోట్ల మంది ఉన్నారన్న లెక్క ఆ సందర్భంలో చెప్పిందే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇంకో పెద్ద అడుగు వేసింది. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వ హయాంలో, 2008-09 ప్రాంతంలో, ఫీజు రీయింబర్స్‌మెంటును బీసీలకు, ఆ వెంటనే ఈబీసీలకు కూడా విస్తరించారు. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా సీటొస్తే ఫీజు ప్రభుత్వమే కడుతుంది. రజకుడి కొడుకు, జాలరి కూతురు, తాపీ మేస్త్రీ పిల్లలు ఇంజినీరింగ్ కాలేజీ గేటు లోపలికి వెళ్లారు. ఆ ఇళ్లలో అంతకుముందు ఆ చదువు పేరెత్తిన దాఖలా లేదు. ఈ పథకాన్ని ఎంత తిట్టినా ఆ మార్పును ఎవరూ కాదనలేరు. దాని వెనకే ఇంకొకటీ వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు 700 దాకా పోయాయి. ల్యాబులు లేనివి, పాఠం చెప్పేవారు లేనివి కూడా ఆ డబ్బు మీద బతికాయి. ఆ తర్వాత ఖజానా మీద బరువు పెరిగి, 10,000 లోపు ర్యాంకు రాని బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఇంజినీరింగ్‌లో రూ. 35,000 పరిమితి పెట్టారు.

2019లో వచ్చిన జగన్ ప్రభుత్వం దీన్ని విద్యాదీవెనగా మార్చి పూర్తి ఫీజు ఇస్తామంది. హాస్టలు, భోజనం ఖర్చుకు 2020 ఫిబ్రవరిలో వసతి దీవెన మొదలుపెట్టింది. ఐటీఐకి ఏడాదికి రూ. 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీకీ ఆపై చదువులకూ 20,000. కాలేజీ ఫీజుకు అవతల కూడా ఖర్చు ఉంటుందని ఒప్పుకున్న ఆలోచన అది. నా మటుకు వసతి దీవెనే ఆ రెంటిలో ఎక్కువ విలువైంది. అదే ప్రభుత్వం 2020 డిసెంబరులో జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారికి రీయింబర్స్‌మెంటు తీసేసింది. డిగ్రీ దాకా తీసుకొచ్చి పీజీ గడప దగ్గర చెయ్యి వదిలేయడం అన్యాయం.

వీటన్నిటి ఫలితం ప్రవేశాల్లో కనిపిస్తుంది. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2021-22 ప్రకారం, కాలేజీ వయసు జనాభాతో పోలిస్తే దేశంలో నూటికి 28.4 మంది కాలేజీల్లో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 36.5, తెలంగాణలో 40, తమిళనాడులో 47. ఫీజు భారం తీసేస్తే పిల్లలు కాలేజీకి వస్తారని రెండు తెలుగు రాష్ట్రాలూ రుజువు చేశాయి.

అయితే ఈ సర్వే చేరినవాళ్లను లెక్కపెడుతుంది, పాసై బయటికొచ్చినవాళ్లనూ లెక్కపెడుతుంది. ఒక పిల్లను మొదటి సెమిస్టర్ నుంచి ఆఖరి సెమిస్టర్ దాకా వెంబడించి, ఏ మెట్టు మీద జారిపోయిందో మాత్రం చెప్పదు. అమెరికాలో ఆ లెక్క ఏటా వేస్తారు. అక్కడ కాలేజీలో చేరినవాళ్లలో ఆరేళ్లలోపు చదువు పూర్తి చేసేది నూటికి 60 మందికి కాస్త పైన. తక్కువే, కానీ ఆ అంకె కళ్లెదుట ఉండబట్టే దాని మీద అక్కడ పోరాటం నడుస్తోంది. మన కాలేజీల్లో ఆఖరి సంవత్సరం హాజరు పట్టీలో పేర్లెందుకు తగ్గాయో లెక్చరర్లకు తెలుసు. అడిగేవాళ్లే లేరు.

కౌంటర్ దగ్గర

ఓ ప్రైవేటు కాలేజీ ఫీజు కౌంటర్ దగ్గర విన్న మాటలివి. చీరకొంగు భుజం చుట్టూ కప్పుకున్న తల్లి, వెనకాల తల దించుకుని కూతురు.

‘మేష్టారూ, పోయినేడాది డబ్బులింకా పళ్లేదంటున్నారంట. మరి పాప హాల్‌టికెట్టండి?’

‘మా చేతుల్లో ఏముందమ్మా, గవర్నమెంటు వెయ్యాలి. సగమన్నా కట్టండి. అది వచ్చాక మీది మీకిచ్చేస్తాం.’

‘ఆయ్, ఇస్తారండి, నాకు తెలుసు. ఇప్పుడు ఎక్కణ్నుంచి తెమ్మంటారండి?’

గుమస్తా కటువుగా ఏమీ మాట్లాడలేదు. ఆయన జీతం కూడా ఆ డబ్బు మీదే ఆధారపడి ఉందని తర్వాత చెప్పాడు. రీయింబర్స్‌మెంటు ఆలస్యమైతే కాలేజీలు లెక్చరర్ల జీతాలు ఆపుతాయి. జీతాలు ఆగితే మంచి లెక్చరర్లు వెళ్లిపోతారు. యాజమాన్యం తల్లిదండ్రుల మీద పడుతుంది. పైనుంచి కిందికి ఒకరి మీదొకరు నెట్టుకుంటూ వచ్చిన బరువు చివరికి ఆ కౌంటర్ ముందు నిలబడ్డ పిల్ల నెత్తి మీద ఆగుతుంది.

ఆ తల్లి ఏం చేస్తుంది? డ్వాక్రా గ్రూపులో అడుగుతుంది. అక్కడ కుదరకపోతే చెవి దిద్దులు తాకట్టు. అదీ అయిపోయి ఉంటే వడ్డీ వ్యాపారి. లెక్క వేసి చూడండి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 20,000 తెస్తే, ప్రభుత్వం డబ్బు 14 నెలలకు పడితే, వడ్డీయే రూ. 5,600. ఫీజంతా ప్రభుత్వం కట్టినట్టే కాగితం మీద ఉంటుంది. ఆ ఇంటికి మాత్రం 5,600 ఖర్చు పడింది. ఆ వడ్డీని ఏ ప్రభుత్వమూ తిరిగివ్వలేదు. ప్రకటనల్లో ఫీజు మొత్తం కనిపిస్తుంది, ఈ వడ్డీ కనిపించదు.

బకాయిలు ఒక్క పార్టీ చేసిన పాపం కాదు. కాంగ్రెస్ హయాంలో ఉన్నాయి, తెలుగుదేశం హయాంలో ఉన్నాయి, వైకాపా హయాంలో ఉన్నాయి, కూటమి ప్రభుత్వం వచ్చాకా రోడ్డెక్కాల్సిన పరిస్థితే ఉంది. ఎవరు ప్రతిపక్షంలో ఉంటే వాళ్లు ధర్నా చేస్తారు. తెలంగాణలో బకాయిల కోసం 2025 నవంబరు మొదటి వారంలో ప్రైవేటు కాలేజీలు ఏకంగా మూతపడ్డాయి. రైతుకు పంట డబ్బు ఆలస్యమైతే ఊరంతా మాట్లాడుతుంది. డిగ్రీ పిల్లకు ఫీజు డబ్బు ఆలస్యమైతే ఆ ఇంటి గోడల మధ్యే ఉండిపోతుంది.

తల్లి ఖాతాలోనా, కాలేజీ ఖాతాలోనా?

2021 ఏప్రిల్ నుంచి విద్యాదీవెన డబ్బును తల్లుల ఖాతాల్లో వేశారు. కాలేజీలు ఒప్పుకోలేదు. డబ్బు పడినా తమకు చేరడం లేదంటూ హైకోర్టు దాకా వెళ్లాయి. తర్వాత తల్లీ బిడ్డల ఉమ్మడి ఖాతాకు మార్చారు. 2024లో వచ్చిన ప్రభుత్వం పాత పద్ధతిలో నేరుగా కాలేజీలకే ఇస్తామంది.

రెండు వాదాల్లోనూ బలముంది. తల్లి ఖాతాలో డబ్బు పడితే ఆమె కాలేజీకి వెళ్లి ‘నా బిడ్డ చదువు ఎలా ఉంది’ అని అడిగే ధైర్యం వస్తుంది. అది చిన్న విషయం కాదు. మరోపక్క, నాలుగు నెలలు ఆలస్యంగా పడిన డబ్బు ఆ వారం ఇంట్లో ఆస్పత్రి ఖర్చుకు పోతే తల్లిని నిందించగలమా? అది పేదరికం చేసిన పని. వేళకు పడి ఉంటే ఫీజుకే పోయేది. నేను అడిగేది ఒక్కటే. ఎవరి ఖాతా అయినా సరే, తేదీ చెప్పండి. పింఛను ఒకటో తారీఖున గడప దగ్గర ఇవ్వగలిగిన రాష్ట్రం ఇది. పండగ రోజు సెలవైతే ముందు రోజే ఇచ్చిన సందర్భాలు చూశాం. అంత పట్టుదల ఫీజు డబ్బు మీద ఎందుకు ఉండకూడదు?

ముందే చెప్పిన మాట విలువ

తేదీకి, భరోసాకు ఇంత ప్రాధాన్యం ఎందుకో చెప్పడానికి అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో చేసిన ఓ ప్రయోగం చాలు. అక్కడి ప్రధాన ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో బాగా చదివే పేద విద్యార్థులకు ఎలాగూ ఫీజు లేకుండా పోయేంత సాయం దొరికేది. కానీ దరఖాస్తు చేసి, ఫారాలు నింపి, ఎంత వస్తుందో తెలిసేదాకా ఎదురుచూడాలి. ఆర్థికవేత్త సూసన్ డైనార్‌స్కీ బృందం 2015లో కొందరు విద్యార్థుల ఇళ్లకు ముందే ఉత్తరాలు పంపించింది. ‘నీకు సీటు వస్తే నాలుగేళ్లూ ట్యూషన్ ఫీజు ఉండదు, ఇది మా హామీ’ అన్నది సారాంశం. కొత్తగా డబ్బేమీ కలపలేదు. ఉత్తరం అందనివాళ్లలో నూటికి 26 మంది దరఖాస్తు చేస్తే, అందినవాళ్లలో 68 మంది చేశారు. చేరినవాళ్లు 12 శాతం నుంచి 27 శాతానికి పెరిగారు. పేదింట్లో అనుమానమే పెద్ద ఖర్చు. ‘వస్తుందేమో’ అన్న మాట మీద కూతుర్ని దూరం పంపడానికి ఏ తండ్రీ సాహసించడు.

చేరడం సరే, పూర్తి చేయడం? అమెరికాలోనే విస్కాన్సిన్ రాష్ట్రంలో పేద విద్యార్థులకు ఏడాదికి 3,500 డాలర్ల అదనపు సాయం లాటరీ పద్ధతిలో ఇచ్చి చూశారు. సాయం అందనివాళ్లలో నాలుగేళ్లకు పట్టా పుచ్చుకున్నవాళ్లు నూటికి 16 మంది, అందినవాళ్లలో 21 మంది. ఫీజుకు అవతల చేతిలో పడే డబ్బు పట్టా దాకా తీసుకెళ్తుందనడానికి ఇది గట్టి ఆధారం. వసతి దీవెన లాంటిది నిలవాలని నేననడానికి కారణం ఇదే.

అమెరికాలోదే ఇంకో ప్రయోగం మన సచివాలయాలకు బాగా పనికొచ్చేది. పన్ను లెక్కలు రాసిపెట్టే ఓ సంస్థ ఆఫీసుల్లోనే, వచ్చిన పేద కుటుంబాలకు కాలేజీ సాయం దరఖాస్తు కూడా అక్కడికక్కడే నింపిపెట్టారు. ఆ చిన్న సాయంతో, మూడేళ్లలోపు రెండేళ్ల కాలేజీ చదువు పూర్తి చేసిన పిల్లలు 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగారు.

మన దగ్గర ఫారం సంగతి చూడండి. ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉండాలి. మాగాణి 10 ఎకరాలు, మెట్ట 25 ఎకరాలు దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవారు, టాక్సీ, ఆటో, ట్రాక్టరు కాకుండా నాలుగు చక్రాల బండి ఉండకూడదు. నిబంధనలు సబబైనవే. చిక్కంతా ‘ఇంట్లో’ అన్నదాని దగ్గరే. పెళ్లై వేరే ఊరెళ్లిపోయిన అన్న పేరు రేషన్ కార్డులో అలాగే ఉంటుంది. అతను హైదరాబాద్‌లో పాత కారు కొనుక్కుంటాడు. ఇక్కడ చెల్లెలి పేరు పక్కన ‘అనర్హురాలు’ అని వస్తుంది. హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ మార్పించాలి, ఈకేవైసీ చేయించాలి, ఆధార్‌కు బ్యాంకు ఖాతా లింకు అయిందో లేదో చూసుకోవాలి. ఒక్కో పనికి ఒక్కో పూట కూలి పోతుంది. సచివాలయంలో ఓపికగా కూర్చోబెట్టి సరిచేసే వెల్ఫేర్ అసిస్టెంటు దొరికితే ఆ పిల్ల అదృష్టం. హక్కుగా రావాల్సింది అదృష్టం మీద ఆధారపడటమే తప్పు.

ఇక దూరవిద్యలో చదివేవారికి, మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్ల వారికి ఈ సాయం లేదు. కౌన్సెలింగ్ గడువు దాటాక జ్వరం నుంచి కోలుకుని వచ్చిన పిల్లవాడు, వరద వల్ల వెబ్ ఆప్షన్లు పెట్టుకోలేకపోయిన పిల్ల అలా స్పాట్‌లో చేరి, రూపాయి సాయం లేకుండా మిగిలిపోతారు. గోదావరి వరదొస్తే కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది. జనం పడవల మీదే రాకపోకలు సాగించాలి. వరద వచ్చే జులై, ఆగస్టులే అడ్మిషన్ల నెలలు కూడా.

ఆడపిల్ల ఆఖరి సంవత్సరం

డిగ్రీ ఆఖరి సంవత్సరంలోని ఆడపిల్లకు పోటీగా పెళ్లి సంబంధం వస్తుంది. ఇది ఎవరూ దాచుకునే విషయం కాదు. ‘ఫీజు బకాయి ఉందంటున్నారు, ఎలాగూ ఆగింది, సంబంధం మంచిది’ అని ఓ ఇంట్లో మాట మొదలైతే దాన్ని ఆపగలిగే వాదన ఆ పిల్ల దగ్గర ఉండదు. బకాయి లేకపోతే కనీసం ‘పరీక్షలయ్యాక చూద్దాం’ అని అనగలుగుతుంది. ఆ రెండు మూడు నెలల వ్యవధి ఎందరి పట్టాలు కాపాడుతుందో ఆడపిల్లలకు పాఠం చెప్పిన ఏ అధ్యాపకురాలిని అడిగినా చెబుతారు.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఉచిత బస్సును విద్యా పథకాల్లో ఎవరూ లెక్కించరు. దొడ్డిపట్ల నుంచి పాలకొల్లుకో, పాలకొల్లు నుంచి భీమవరానికో రోజూ తిరిగే అమ్మాయికి అది నెలనెలా అందే స్కాలర్‌షిప్పే. దరఖాస్తు లేదు, వెరిఫికేషన్ లేదు, బకాయి లేదు. ఆధార్ చూపించి ఎక్కడమే. సాయం ఇంత తేలిగ్గా, ఇంత వెంటనే అందించడం మన ప్రభుత్వాలకు చేతనవును. ఈ బస్సే అందుకు సాక్ష్యం. బస్సుల సంఖ్య, ఉదయం కాలేజీ వేళకు అవి వచ్చే తీరు ఇంకా మెరుగుపడాలి.

ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ చదివే ఆడపిల్లలకు ఏఐసీటీఈ వారి ప్రగతి స్కాలర్‌షిప్పు ఏడాదికి రూ. 50,000. ఇంటర్‌లో పై 20 శాతంలో నిలిచినవారికి కేంద్రం డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి రూ. 12,000 ఇస్తుంది. ఆదాయ పరిమితి నాలుగున్నర లక్షలు. దేశమంతా కలిపి ఏటా కొత్తగా 82,000 మందికే. ఇవి రెండూ ఉన్నాయని తెలియని ఇళ్లు మన చుట్టూ చాలా ఉన్నాయి. ఏటా రెన్యువల్ చేయించుకోవాలని తెలియక రెండో ఏడు పోగొట్టుకునేవారూ ఉన్నారు.

చదువు పూర్తయినా కష్టం తీరని మరో చోటుంది. ఫీజు బకాయి పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో ఉండిపోవడం. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. అయినా ‘నో డ్యూ’ అనే చిన్న కాగితం కోసం ఉద్యోగాలు, పీజీ కౌన్సెలింగులు చేజార్చుకున్న పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. పరీక్షలన్నీ పాసై పట్టా చేతికి రాని పిల్లవాడి సంగతి మరీ దారుణం. పడాల్సిన కష్టమంతా పడ్డాడు, ఫలితం బీరువాలో ఉంది. బాకీ ప్రభుత్వానిదైతే పిల్లవాడి కాగితాలు తాకట్టు ఎలా అవుతాయి? ప్రతి జిల్లాలో కలెక్టర్ ఒక్క ఉత్తర్వుతో దీన్ని కట్టడి చేయవచ్చు. చేయాలి.

ఊరు చేయగలిగింది

ఖజానా నుంచి డబ్బు ఎప్పుడు రావాలన్నది పాలకొల్లు చేతిలో లేదు. ఆ మధ్యలో పిల్ల జారిపోకుండా పట్టుకోవడం ఊరి చేతిలో ఉంది.

అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ 2011లో ఓ పద్ధతి మొదలుపెట్టింది. పట్టాకు దగ్గరకొచ్చి, చిన్న బాకీ వల్ల పేరు కొట్టేసే స్థితిలో ఉన్న విద్యార్థుల జాబితా యూనివర్సిటీయే తీస్తుంది. విద్యార్థి వచ్చి అడిగే దాకా ఆగరు. దరఖాస్తు ఫారం ఉండదు. నేరుగా ఖాతాలో బాకీ తీర్చి, ‘నీ చదువు ఆగదు’ అని కబురు పెడతారు. 2,500 డాలర్లకు మించి ఎవరికీ ఇవ్వరు. ఇచ్చే మొత్తం చిన్నదే, అయినా అది ఆఖరి మెట్టు మీద అందుతుంది. పాలకొల్లు మాస్టారు దాసరి కోసం చేసిన పనిని పెద్ద ఎత్తున, ఏటా, పద్ధతిగా చేయడమే ఇది.

పాలకొల్లులో ఇది కష్టం కాదు. కొబ్బరి వ్యాపారులు, ఆక్వా రైతులు, అమెరికాలోనూ గల్ఫ్‌లోనూ ఉన్న పూర్వ విద్యార్థులు, గుళ్లకు, చర్చిలకు, కల్యాణ మండపాలకు చందాలిచ్చే చేతులు ఇక్కడ పుష్కలం. వీళ్లలో చాలామంది చదువుకు కూడా ఇస్తూనే ఉన్నారు. కాకపోతే టాపర్‌కు షీల్డు, పదివేల చెక్కు, వేదిక మీద ఫొటో. టాపర్ ఎలాగూ గట్టెక్కుతాడు. 55 మార్కులతో నెట్టుకొస్తూ, మూడు వేలు తక్కువై ఆఖరి సెమిస్టర్‌కు రాని పిల్లకు సన్మానం ఉండదు. డబ్బు అవసరం ఆమెకే ఎక్కువ.

తిరుగుడు నిధి ఒకటి పెట్టుకుంటే చాలు. ప్రభుత్వ రీయింబర్స్‌మెంటు మంజూరై, డబ్బు పడని విద్యార్థికి ఈ నిధి ముందుగా కడుతుంది. సర్కారు డబ్బు వచ్చాక కాలేజీ ఆ మొత్తాన్ని నిధికి తిరిగి జమ చేస్తుంది. అప్పు కాలేజీ పేరు మీద ఉంటుంది, పిల్ల పేరు మీద ఉండదు. వడ్డీ లేదు. పైన చెప్పుకున్న 5,600 ఆ ఇంట్లోనే మిగులుతుంది. పరీక్ష ఫీజు, రికార్డులు లాంటి చిన్న ఖర్చులకు నిధిలో కొంత భాగం తిరిగి అడగని సాయంగా ఉంచాలి. జాబితా కాలేజీ ఇవ్వాలి, పేర్లు బయటపెట్టకూడదు, ఫొటోలు తీయకూడదు. అభిమానం గల పిల్లలు ఫొటోకు భయపడి సాయమే వద్దంటారు.

కాలేజీకి కావాల్సిందల్లా ఆఖరి ఏడాది పిల్లల హాజరు పట్టీ, ఫీజు రిజిస్టరు పక్కపక్కన పెట్టుకుని చూడగలిగే ఒక అధ్యాపకుడు. రెండు వారాలు వరసగా రాని పేరు, బకాయి ఉన్న పేరు ఒకటే అయిన చోట ఆయన ఫోన్ చేయాలి. ఇంటికి వెళ్లగలిగితే మరీ మంచిది. నిధి మీద ఇద్దరు ముగ్గురు పెద్దల సంతకం ఆ వారంలోనే పడాలి. ఆరో సెమిస్టర్ పరీక్ష ఫీజు గడువు సాధారణంగా వేసవి ముందే వస్తుంది కాబట్టి, సంక్రాంతి సెలవులకు ఊరొచ్చే ఎన్నారైలతో మాట్లాడి నిధి మొదలుపెట్టాలనుకునేవారు డిసెంబరులోనే కాలేజీలను జాబితా అడగాలి.